గుండీ నడుమ నుంచి

మా ఆటలో కొన్ని నియమాలు పుస్తకంలోంచి వచ్చాయి, కొన్ని మా కొట్లాటల్లోంచి పుట్టాయి. పుస్తకంలోవి సగం మరిచిపోయాం. కొట్లాటల్లో పుట్టినవి మాత్రం ఒక్కటి కూడా తప్పడానికి వీల్లేదు.

నేను ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీని. నిజామాబాద్‌లో పెద్ద బజారు పక్క సందులో, మేడ మీద నా దుకాణం. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, కటింగ్ టేబుల్ మీది గుడ్డముక్కలు ఊడ్చేసి, ఖాకీ కాగితం పరిచి, దర్జీ సుద్దతో కొండలూ వాగులూ గీస్తాను. హైదరాబాద్‌లో కుట్టుపని కోర్సు చదివేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్న ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు కథలో ఒక్కో మనిషిని తీసుకుని వాడి తరఫున మాట్లాడతారు, వాడి తరఫున తెగిస్తారు, వాడి తరఫున చస్తారు. కొట్లాట లేనంతసేపూ ఆటంతా నోటి మీదే నడుస్తుంది. కత్తులు బయటికి వచ్చాక పాచికలు, టేపు కావాలి. ఎవరి బొమ్మ ఎక్కడ ఉంది, అక్కడి నుంచి ఎవరిని అందుకోగలదు అన్నది కొలిచి తేల్చాలి. ఒక్కో వంతులో ఒక్కో బొమ్మ ఆరంగుళాలు పోవచ్చు.

కథ నడిపేది నేను. ఆడేవాళ్ళు ముగ్గురు. ఒకరు పక్క గదిలో మగ్గం పని చేసే ఆపా, ఉర్దూలో అక్క అని. తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం వాళ్ళది. జాకెట్లు నేను కుడితే వాటి మీద జరీ పువ్వులు ఆమె వేస్తుంది. మిగతా ఇద్దరూ నా తోడబుట్టినవాళ్ళు. అన్న రుద్రూరు దగ్గర మా ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. తమ్ముడు ఇక్కడే పసుపు యార్డులో దడువాయి, బస్తాలు తూకం వేసే పని. ఎంత కడిగినా వాడి గోళ్ళలో పసుపు పోదు. మధ్యలో పుట్టినదాన్ని నేను, ఆ పాపానికి ఇద్దరి మధ్యా నలుగుతూనే ఉంటాను.

బొమ్మలు ఆపా చేసింది. సన్న తీగ వంచి, మిగిలిన జరీ దారం చుట్టి, అడుగున పెద్ద కోటు గుండీ అంటించింది. బొమ్మ నిలబడేది ఆ గుండీ మీదే కాబట్టి కొలతా దాని నుంచే మొదలవుతుంది. హాస్టల్లో మేం అంచు నుంచి అంచుకు కొలిచేవాళ్ళం. ఇక్కడ మొదటి రోజే మా అన్నదమ్ములిద్దరూ ఒకే గొంతుతో అడ్డం పడ్డారు.

"అంచు నుంచి ఎట్ల కొలుస్తరు? గెట్టు కొలిసినట్టు నడుమ నుంచి కొలవాలె" అన్నాడు అన్న.

"అవునక్కా, గెట్టుకు నడుమనే లెక్క" అన్నాడు తమ్ముడు.

మా దగ్గర రెండు పొలాల మధ్య గెట్టు ఉంటే సగం ఇటువాళ్ళది, సగం అటువాళ్ళది. కొలత ఎప్పుడూ గెట్టు నడుమ నుంచే. పొలం పద్ధతిని తెచ్చి బొమ్మలకు అంటగట్టారు. దానివల్ల మా మనుషులందరికీ చేయి అందాల్సినంత దూరం అందదు, హాస్టల్ లెక్క ప్రకారం అది తప్పు. నేను చెప్పి చూశాను, వినలేదు. గుండీ నడుమ నుంచి గుండీ నడుమకు అని ఖాయం చేశాం. నాలుగు రంధ్రాల మధ్య గుండుసూది మొన ఆనించి, అక్కడ టేపు కొసన ఉండే రేకు ముక్క పెట్టి లాగాలి.

ఇంకో రెండు నియమాలు చెప్పాలి. ఎక్కడికి పోతావో ముందు నోటితో చెప్పాలి, చెప్పాకే టేపు దిగుతుంది. ముందే కొలుచుకుని బేరాలాడటం కుదరదు. రెండోది ఆపా వల్ల వచ్చింది. మొదటి కథలో ఆమె మనిషి తొందరగా చచ్చిపోయాడు. ఊరికే కూర్చోలేక నా చేతిలోంచి టేపు లాక్కుని, "చచ్చినోళ్ళకు గెలుపేంది, ఓటమేంది? నా కొలత మీద ఎవ్వరికీ షక్ ఉండొద్దు" అంది. అప్పటి నుంచి ఎవరి మనిషి చస్తే వాళ్ళు ఆ కథ అయ్యేదాకా టేపు పట్టాలి. వాళ్ళు చెప్పిందే చివరి మాట.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత బాపు పోయాడు, పొలం పంచుకోవాల్సి వచ్చింది.

ఒకప్పుడు అంతా చెరుకే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల చాలామంది వరికి మళ్ళారు. అన్న మాత్రం ఒక మడి చెరుకు వదల్లేదు. పొలాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో ఉన్న పాత గెట్టునే హద్దు అనుకున్నారు. వెడల్పు గెట్టు అది, మనిషి అడ్డంగా పడుకోవచ్చు. అవ్వ, అంటే మా అమ్మ, బతికున్నప్పటి నుంచీ దాని మీద కంది వేస్తాం. కాయ ముదిరే లోపే సగం మేమే కోసుకుని ఉడకబెట్టుకు తినేవాళ్ళం.

కొలిచే రోజు నేనూ వెళ్ళాను. ఊరి పెద్దమనుషులు నలుగురు వచ్చారు. పొడవాటి రీలు టేపు. కొస పట్టుకుని అన్న గెట్టు దగ్గర వంగాడు. రీలు తీసుకుని తమ్ముడు అవతలి హద్దురాయి దగ్గరికి పోయాడు. అక్కడ వాడికి అంకె తక్కువ కనబడింది. రీలు కింద పడేసి, చేనంతా దాటుకుంటూ అన్న దగ్గరికి నడిచి వచ్చాడు. వచ్చి, అన్న బొటనవేలు ఎక్కడ ఉందో వంగి చూశాడు. గెట్టు అంచున ఉంది, తమ్ముడి వైపు అంచున. గెట్టు మొత్తం అన్న కిందికి పోతుంది.

"నడుమ పట్టాలె గదా. అంచుకు పట్టినవేంది?"

"గెట్టు నాది. ఏటేటా మట్టి కొట్టి నిలబెట్టింది నేను. నువ్వు యార్డుల కూసుంటివి."

అన్న మాటలో అబద్ధం లేదు. వానలకు తెగిన ప్రతిసారీ పార పట్టింది వాడే. కానీ తమ్ముడికి అప్పటికే కళ్ళు ఎర్రబడ్డాయి.

"అక్క బల్ల మీద బొమ్మకు నడుమ నుంచి కొలుస్తవ్. తోడబుట్టినోనికి అంచు నుంచి కొలుస్తవా? టేపు దొంగవు నువ్వు!"

పెద్దమనుషులకు బొమ్మ సంగతి అర్థం కాలేదు. దొంగ అన్న మాట మాత్రం నలుగురికీ బాగా వినబడింది. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. టేపు కొస వదిలేసి లేచి, "అవ్వ మీద ఒట్టు. ఇగ నీకు టేపు పట్ట" అని పొలంలోంచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఇద్దరూ విడివిడిగా ఎవరిది న్యాయమో నన్ను చెప్పమన్నారు. మీ గెట్టు పంచాయితీ మీరే తేల్చుకోండని నేను బస్సెక్కాను. గెట్టు అన్న కిందే ఉండిపోయింది. ఆ ఏడు దాని మీది కందంతా వదిన ఒక్కతే కోసుకుంది.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు వచ్చే పెళ్ళికి ఇంకొకడు రాడు. ఫోన్‌లో ఒకడి గురించి అడిగితే ఇంకొకడు లైన్ కట్ చేస్తాడు. ఇక ఆట కూడా పోయినట్టే అనుకున్నాను. కానీ పొలం కొలిచిన తర్వాతి ఆదివారమే షట్టర్ ఎత్తుతుంటే అన్న మెట్లెక్కి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి తమ్ముడు వచ్చాడు, వాడి కుర్చీలో వాడు కూర్చున్నాడు. ఆపా నన్ను చూసింది, నేను ఆపాను చూశాను. నోరు జారకుండా చూసుకుంటూ కథ మొదలుపెట్టాను.

ఆటలో వాళ్ళు మాట్లాడుకున్నారు. అన్న బల్లెం పట్టిన వీరుడు, తమ్ముడు గాయాలు మాన్పే వైద్యుడు. "వైద్యుడా, వెనక ఉండు" అంటాడు అన్న. "సరే సర్దారూ" అంటాడు తమ్ముడు. టేపు నా చేతిలోనే ఉంటుంది. ఆట అయ్యాక ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మెట్లు దిగి, చెరో దిక్కుకు పోతారు. వారానికోసారి, ఆ బొమ్మల చాటున, నా ఇద్దరు తోడబుట్టినవాళ్ళు మాట్లాడుకోవడం నేను వింటున్నాను. అదొక్కటే మిగిలింది నాకు. దాని కోసం వారమంతా జాకెట్లు కుట్టుకుంటూ కథ అల్లేదాన్ని. వాళ్ళిద్దరూ ఒకరికొకరు అవసరపడేలా అల్లేదాన్ని, దాచడమెందుకు.

ఇప్పుడు చెప్పేది ఈ చలికాలం మొదట్లో ఒక ఆదివారం గురించి.

కాగితం మీద రెండు నదులు కలిసే చోటు గీశాను, కందకుర్తి సంగమం మనసులో పెట్టుకుని. మధ్యలో ఇసుక తిన్నె, చుట్టూ నీరు, నీరు పెరుగుతోంది. తిన్నె మీద దోపిడీగాళ్ళు. వాళ్ళను తప్పించుకుని ముగ్గురూ అవతలి ఒడ్డు చేరాలి. ఆపా విలుకత్తె ముందే ఒడ్డెక్కేసింది. వైద్యుడు వెనకబడ్డాడు, ఇద్దరు దొంగలు వాడి మీదికి పోతున్నారు.

"నేను తిన్నె కొసకు పోత. ఆళ్ళను నా దిక్కు తిప్పుకుంట" అన్నాడు అన్న.

"ఒక్కడివే ఉంటావు. పడితే నీటి అంచున పడతావు" అని హెచ్చరించాను.

"పోత అన్న గదా."

చెప్పాక తిరుగు లేదు. కొలిచాను, పోయాడు. దొంగలు వైద్యుణ్ణి వదిలి అటు తిరిగారు. నేను పాచికలు వేశాను. మా దగ్గర పాచికలు చాటుగా వేయడం లేదు, అందరి ముందూ బల్ల మీదే. మొదటి దెబ్బకు బల్లెంవాడు తూలాడు. రెండో దెబ్బకు పడ్డాడు. ఆపా బొమ్మను మెల్లగా పక్కకు వాల్చింది, జరీ తలపాగా సుద్ద గీతకు ఆనింది. గుండీ మాత్రం ఉన్నచోటే ఉంది.

పడినవాడి దగ్గరికి ఆ వంతు తిరిగేలోగా ఎవరైనా చేరి చేయి వేయాలి. లేకపోతే ఏరు లాక్కుపోతుంది, మనిషి పోయినట్టే. ఇది అందరికీ తెలుసు. నన్ను భయపెట్టింది వేరే. అన్న మనిషి చస్తే అన్న టేపు పట్టాలి. తమ్ముడి బొమ్మకు టేపు పట్టాలి. అవ్వ మీద ఒట్టు పెట్టుకున్నాడు, వాడు పట్టడు. పట్టనివాడికి ఆ బల్ల దగ్గర చోటు లేదు, కాబట్టి వాడు రాడు. వాడు రాకపోతే ఇద్దరి మధ్యా మిగిలిన ఆ నాలుగు మాటలు కూడా పోతాయి. అటు చూస్తే తమ్ముడికీ అదే తట్టినట్టుంది. కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

ఆపా వంతు వచ్చింది. బాణం వేసి ఒక దొంగను పడగొట్టింది. "నేను ఒడ్డు మీద ఉన్న, ఉరికి వచ్చినా అందను. ఇగ నీ చేతిలనే ఉంది తమ్మీ" అంది.

తమ్ముడు బల్ల మీదికి వంగాడు. వాడి పని తూకం. బస్తా చూసి బరువు చెప్పేస్తాడని యార్డులో పేరుంది. కానీ దూరం వేరు. ఒక కన్ను మూసి చూశాడు, ఇటు నుంచి చూశాడు, లేచి అటు నుంచి చూశాడు. వేలు కాగితానికి ఆనబోతే ఆపా దగ్గింది, వేలు వెనక్కి తీసుకున్నాడు. కింద సందులో ఎవడో స్కూటర్ స్టార్ట్ కాక తన్నుతూనే ఉన్నాడు. లేచి వెళ్ళి వాణ్ణి నాలుగు తిట్టాలనిపించింది నాకు.

"పోత. సర్దార్ దగ్గరికి పోయి చెయ్యి ఏస్త" అన్నాడు చివరికి.

నేను వైద్యుడి గుండీ నడుమ గుండుసూది ఆనించాను. రేకు ముక్క పెట్టి, టేపు లాగాను. ఆరో అంగుళం గీత అన్న గుండీ అంచు దాటింది. దాటి లోపలికి పోయింది. నడుమకు మాత్రం చేరలేదు. గోరంత తక్కువ.

నా వేళ్ళ కింద టేపు ఉంది. అది గుడ్డ టేపు, ఏళ్ళ తరబడి వాడినది. కాస్త బిగించి లాగితే గోరంత సాగుతుంది, అది ఏ దర్జీకైనా తెలుసు. నా వేళ్ళు బిగుసుకున్నాయి కూడా. తల ఎత్తితే అన్న నా ముఖం చూడటం లేదు, నా వేళ్ళనే చూస్తున్నాడు. నేను పట్టు సడలించాను. టేపు కాగితం మీద మెత్తగా పడుకుంది.

"అంచు దాటింది గదా" అన్నాడు తమ్ముడు.

ఆ మాట వాడి నోట్లోంచి వచ్చిందంటే నేను నమ్మలేకపోయాను. చేను మధ్యలో నలుగురి ముందు ఏ అంచు మాటకు అన్నను దొంగ అన్నాడో, ఆ అంచు.

"అంచు దాటితే అందినట్టే. మనిషిని ముట్టుకోవాలంటే నడుమనే ముట్టుకుంటరా ఎవరన్నా? చెయ్యి తాకుతె సాలు. అంచే లెక్క" అన్నాడు మళ్ళీ, గొంతు పెంచి.

అన్న కుర్చీలోంచి కదల్లేదు. తన బొమ్మ వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా, "నడుమ నుంచి నడుమకు. గదే కొలత" అన్నాడు.

ఆపా చేతిలో సూది ఆగిపోయింది. ఆటలో కూడా చేతిపని వదలని మనిషి ఆమె.

"నీ పానం పోతుంటే నడుమ అంటవేంది?" అన్నాడు తమ్ముడు.

"పోతె పోయింది. మొదటి దినం ఇద్దరం కలిసి చెప్పినం. గెట్టు లెక్కనే అని చెప్పినం. అప్పుడు నడుమ, ఇప్పుడు అంచు ఎట్లయితది?"

"మరి ఆ దినం చేన్ల ఎట్లయింది?"

"ఆ దినం తప్పయింది!"

గట్టిగా అన్నాడు అన్న, బల్ల మీద చేయి వేసి. పాచికలు ఎగిరి పడ్డాయి. ఆ మాట అనడానికి వాడికి ఎంత బరువయ్యిందో గొంతే చెప్పింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. మెత్తబడతాడనుకున్నాను, ఎక్కడ! ఇంకా రెచ్చిపోయాడు.

"తప్పేం గాదు! మట్టి కొట్టింది నువ్వు. నేను ఒక్క తట్ట మట్టన్న ఎయ్యలే. గెట్టు నీదే. అంచు నుంచే లెక్క. కొలువక్కా, అంచుకు కొలువు!"

"నడుమకే!"

"అంచుకే అంటున్న, ఇనరాదు మొండోడా!"

"ఎవడ్రా మొండోడు?"

మూడో మనిషి వింటే పిచ్చివాళ్ళనుకునేవాడు. చేను మధ్య ఒకడు అరిచినదంతా ఇక్కడ ఇంకొకడు అరుస్తున్నాడు. ఒకణ్ణొకడు కాపాడుకోవడానికి కొట్టుకునేటట్టు ఉన్నారు. ఎడ్డెమంటే తెడ్డెమనడం మా ఇంటి గుణం, ప్రేమ కూడా మాకు అట్లాగే బయటికి వస్తుంది. వీరుడూ వైద్యుడూ ఎప్పుడో పక్కకు తప్పుకున్నారు, సొంత గొంతులతో అరుచుకుంటున్నారు ఇద్దరూ. ఎన్ని పండుగలు ఎదురుచూశానో ఆ గొంతుల కోసం. విని సంతోషపడాలో, వాళ్ళ మధ్య అడ్డం పడాలో తెలియక నా తలప్రాణం తోకకొచ్చింది.

"ఖామూష్!" అంది ఆపా. ఇద్దరూ ఆగారు. ఆమె నా వైపు చెయ్యి చూపించింది. "టేపు ఆమె చేతిల ఉంది. ఆమె చెప్తది."

"చెప్పు చెల్లె" అన్నాడు అన్న.

"చెప్పక్కా" అన్నాడు తమ్ముడు.

ఈసారి ఎక్కడానికి బస్సు లేదు.

అంచు అంటే అన్న మనిషి బతుకుతాడు. అన్న వచ్చే ఆదివారం వస్తాడు, ఆ పై ఆదివారం వస్తాడు. నాకు కావాల్సింది అదే కదా. కానీ ఇన్నాళ్ళకు అన్న నోటి నుంచి తప్పయిందన్న మాట వచ్చింది. ఆ మాటకు తన మనిషి ప్రాణం ధరగా పెట్టాడు. నేను అంచు అంటే ఆ మాటను తిరిగి వాడి చేతిలో పెట్టినట్టే, నీ మాట అక్కర్లేదు పో అన్నట్టే. వాడి ముఖం చూస్తే అది భరించేటట్టు లేడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను.

"నడుమ. చేరలేదు."

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. నీరు పెరిగిందని చెప్పడం నా పని, చెప్పాను. తిన్నె కొస సుద్ద గీత చెరిపేశాను. అన్న తన బొమ్మను తీసుకుని, దస్తీలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండి తాళం చెవి తీసుకున్నాడు. టేపు నా చేతిలోనే ఉంది. వాడు దాని వైపు ఒకసారి చూశాడు, మెట్లు దిగిపోయాడు.

"ఇగ రాడక్కా" అన్నాడు తమ్ముడు.

ఆ వారం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పెళ్ళిళ్ళ గిరాకీ, కుట్టాల్సినవి కుప్పగా పడి ఉన్నాయి. ఒక జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించి కూర్చున్నాను. అన్నకు ఫోన్ చేస్తే వదిన ఎత్తి, చెరుకు కొట్టుడు నడుస్తోంది, చేనులో ఉన్నాడంది. కావాలనే తప్పించుకుంటున్నాడని నాకు అనుమానం. తమ్ముడు రోజూ యార్డు నుంచి ఇంటికి పోతూ దుకాణం ముందు ఆగి, పైకి చూసి, నేను తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయేవాడు. ఆపా మాత్రం, "నువ్వు చెప్పింది ఇన్సాఫే, న్యాయమే. గని ఇన్సాఫ్ చేస్తె మనుషులు మిగులుతరని ఎవరు చెప్పిండ్రు?" అంది. ధైర్యం చెప్పడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు.

ఆదివారం వచ్చింది. కాగితం పరిచాను. మిగిలిన తిన్నె, అవతలి ఒడ్డు గీశాను. తమ్ముడు అందరికంటే ముందొచ్చి, కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆపా తన విలుకత్తె జడ సరిచేసింది, అది సరిగ్గానే ఉంది. అన్న ఎప్పుడూ వచ్చే వేళ దాటింది. ఇంకా దాటింది.

"మొదలుపెడదామా?" అన్నాను.

"జెర ఆగు" అన్నాడు తమ్ముడు.

ఆగాం. కింద బండి ఆగిన చప్పుడైంది. అది మా బండి చప్పుడని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. వాడు కిటికీ దగ్గర నుంచి గబుక్కున వచ్చి తన కుర్చీలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. మెట్ల మీద అన్న బరువైన అడుగులు. తల వంచి షట్టర్ కింద నుంచి లోపలికి వచ్చాడు. చేతిలో ఒక కవరు. దాన్ని బల్ల మధ్యలో విప్పాడు. ఉడకబెట్టిన కందికాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. మాకు ఇంకెక్కడా కంది లేదు. ఎక్కడివని ఎవరమూ అడగలేదు. ముందు ఆపా తీసుకుంది, తర్వాత నేను. తమ్ముడు ఒక కాయ వలిచి, గింజలు నోట్లో వేసుకుని, చాలాసేపు నములుతూ ఉండిపోయాడు.

అన్న తన కుర్చీలో కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చి చెయ్యి చాపాడు.

"టేపియ్యి."

టేపు వాడి చేతిలో పెట్టాను.

"ఒట్టు?" అన్నాను మెల్లగా, ఉండబట్టలేక.

"అవ్వతోటి నేను చెప్పుకుంట. నువ్వు కథ చెప్పు."

కథ చెప్పాను. ఏరు దాటి వైద్యుడు ఒడ్డున ఉన్న విలుకత్తెను చేరాలి, దొంగలు ఇంకా వెంటపడుతున్నారు. తమ్ముడి వంతు వచ్చింది. వైద్యుడు సర్దార్ పడ్డ చోటి వైపు నీటి అంచు దాకా పోయి, నీళ్ళలో కొట్టుకుపోకుండా మిగిలిన బల్లెం తీసుకుంటాడని చెప్పాడు. చెప్పాక టేపు దిగాలి.

అన్న బల్ల మీదికి వంగాడు. గుండీ రంధ్రాల మధ్య గుండుసూది ఆనించాడు, రేకు ముక్క పెట్టాడు, మట్టి పగుళ్ళున్న బొటనవేలు దాని మీద అదిమాడు. తమ్ముడు రెండో కొస అందుకుని లాగాడు. ఆ రోజు వీడే రీలు పడేసి చేనంతా దాటుకుని నడిచి వచ్చాడు, ఆ బొటనవేలు ఎక్కడుందో చూడటానికి. నేను వాడినే చూస్తున్నాను, నాకు ఇంకేమీ కనబడలేదు.

"సరిగ్గ పట్టిన్నా?" అని అడిగాడు అన్న.

"నువ్వు పట్టినవ్ గదా" అన్నాడు తమ్ముడు. తల తిప్పి అటు చూడకుండానే, టేపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ బొమ్మను దించాడు.